టికెట్‌పై ఒక పేరు, పాస్‌పోర్టులో ఒక పేరు: ఏది దిద్దించాలి, ఏది వదిలేయాలి

ప్రశ్న: అమ్మానాన్నలు మూడు వారాల్లో మొదటిసారి అమెరికా వస్తున్నారు. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కు ఒక టికెట్, హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్‌కు ఇంకొక టికెట్. అంతర్జాతీయ టికెట్లు పది రోజుల కిందట ఒక ట్రావెల్ సైటులో నేనే కొన్నాను. రాజమండ్రి టికెట్లు ఊళ్లో ఏజెంటు తీశారు. నాన్న పాస్‌పోర్టులో సర్‌నేమ్ కొండేపూడి, గివెన్ నేమ్ వెంకట సత్యనారాయణ మూర్తి. ఆధార్‌లో ‘వెంకట’ లేదు. డొమెస్టిక్ టికెట్‌లో ‘సత్యనారాయణ మూర్తి కె’ అని ఉంది. అంతర్జాతీయ టికెట్‌లో పేరంతా కలిసిపోయి, చివర ‘ఎంఆర్’ అతుక్కుని ఉంది. పోయినసారి ఢిల్లీ వెళ్లినప్పుడు ఆయన బోర్డింగ్ పాస్‌పై పేరు మధ్యలో తెగిపోయింది కూడా. అమ్మ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, గివెన్ నేమ్ గడిలో ‘కొండేపూడి లక్ష్మి’ అని మొత్తం పేరు. వీసాలో మొదటిపేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని వేశారు. టికెట్ కొనేటప్పుడు నేను లాస్ట్ నేమ్ కొండేపూడి, ఫస్ట్ నేమ్ లక్ష్మి అని విడగొట్టి ఇచ్చాను. పైగా లక్ష్మికి ఎక్స్ వేశాను, పాస్‌పోర్టులో కేఎస్‌హెచ్ ఉంది. అన్నీ రద్దు చేసి మళ్లీ కొనాలా?

జవాబు: వద్దు, ఏదీ రద్దు చేయకండి. మీరు చెప్పిన తేడాలన్నింటిలో ఇప్పుడే దిద్దించాల్సింది ఒక్కటే, అమ్మగారి టికెట్‌లోని ఎక్స్. ఆమె పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉన్న సంగతి విమాన సంస్థకు ముందే చెప్పి నమోదు చేయించాలి. మిగతావన్నీ మన పేర్ల పొడవు వల్ల, వాళ్ల కంప్యూటర్ల పాతదనం వల్ల రోజూ జరిగేవే. వాటి జోలికి వెళ్లి డబ్బు పోగొట్టుకోవద్దు. ఈ టికెట్ల పనిలో తల నెరిసినవాణ్ని కాబట్టి కారణాలతో సహా చెబుతాను. కారణం తెలిస్తే ఫోనులో అవతలివాళ్లు తలాతోకా లేని జవాబు చెప్పినప్పుడు మీరు తడబడరు.

విమానాశ్రయంలో ఎవరూ మీ నాన్నగారి అసలు పేరు ఏమిటని విచారించరు. ఒక చేతిలో టికెట్టో బోర్డింగ్ పాసో, ఇంకో చేతిలో ఒక కార్డో పాస్‌పోర్టో పెట్టుకుని, ఈ రెండూ ఒకే మనిషివా కాదా అని చూస్తారు, అంతే. అందుకే ‘మా నాన్న పేరు ఎన్ని చోట్ల ఎన్ని రకాలుగా ఉంది’ అని లెక్క వేసుకుంటే భయం తప్ప ఫలితం ఉండదు. ఏ తలుపు దగ్గర ఏ కాగితం చూపిస్తారు, దానికి ఆ టికెట్ సరిపోతుందా అన్నదే లెక్క. ఆధార్‌లో వెంకట లేకపోవడం డల్లాస్ ప్రయాణానికి సంబంధం లేని విషయం, ఎందుకంటే ఆ దారిలో ఆధార్‌ను ఎవరూ అడగరు.

తలుపులు వరసగా ఇవీ. రాజమండ్రిలో లోపలికి వెళ్లే ద్వారం దగ్గర భద్రతా సిబ్బంది టికెట్, గుర్తింపు కార్డు చూస్తారు. హైదరాబాద్‌లో అంతర్జాతీయ ద్వారం దగ్గర మళ్లీ అదే పని, ఈసారి పాస్‌పోర్టుతో. తర్వాత విమాన సంస్థ చెక్-ఇన్ కౌంటర్. ఆ తర్వాత ఇమిగ్రేషన్. దోహాలో అమెరికా విమానం ఎక్కేముందు పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్ మరోసారి. డల్లాస్‌లో దిగాక అక్కడి అధికారికి కావలసింది పాస్‌పోర్టు, వీసా, వచ్చిన పని. టికెట్‌పై అక్షరాలతో ఆయనకు పెద్దగా పని ఉండదు.

వీటిలో అసలైన పరీక్ష హైదరాబాద్ చెక్-ఇన్ కౌంటర్. జనం ఇమిగ్రేషన్ అధికారిని చూసి భయపడతారు కానీ, పేర్ల విషయంలో ఎక్కువ పట్టింపు విమాన సంస్థ ఉద్యోగిదే. పత్రాలు సరిగా లేని ప్రయాణికుడిని ఎక్కించుకుని వెళ్తే, అవతలి దేశం ఆ మనిషిని వెనక్కి పంపినప్పుడు తిరిగి తీసుకురావాల్సిన బాధ్యత ఆ సంస్థదే, జరిమానా కూడా దానికే. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి అక్షరం అక్షరం పోల్చి చూస్తోందంటే చాదస్తం అనుకోకండి.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న పాస్‌పోర్టు ఒకటి తీసి, ఫొటో ఉన్న పేజీ అడుగున చూడండి. బాణం తలల్లాంటి గుర్తులతో రెండు వరసలు ఉంటాయి. యంత్రం చదివేది ఆ వరసలనే. ఒక్కో వరసలో 44 గళ్లు. పై వరసలో మొదటి అయిదు గళ్లు పాస్‌పోర్టు అనే సంకేతానికి, దేశం కోడ్‌కు పోతాయి. మిగిలిన 39 గళ్లలో పేరు ఇమడాలి. ముందు సర్‌నేమ్, తర్వాత రెండు బాణం తలలు, ఆ తర్వాత గివెన్ నేమ్, మాటకూ మాటకూ మధ్య ఒక బాణం తల. ప్రపంచంలో ఏ దేశం పాస్‌పోర్టుకైనా ఇదే పద్ధతి. మీ నాన్నగారి పేరు లెక్కపెట్టి చూశాను. సర్‌నేమ్ తొమ్మిది అక్షరాలు, వెంకట ఏడు, సత్యనారాయణ పదమూడు, మూర్తిలో టీ పక్కన హెచ్ ఉంటే ఆరు, మధ్యలో నాలుగు బాణం తలలు. మొత్తం సరిగ్గా 39. ఇంకొక్క అక్షరం ఎక్కువైతే పాస్‌పోర్టే ఆయన పేరును కత్తిరించి ఉండేది. ఇంత పొడవు పేరు ఎవరో తెల్లవాళ్లు గీసిన గడిలో పట్టడం మన అదృష్టమే.

టికెట్ కొనేటప్పుడు చూసి రాయాల్సింది ఆ వరసనే. ఆధార్ కాదు, పాన్ కార్డు కాదు, పదో తరగతి సర్టిఫికెట్ అసలే కాదు, ఫోనులో మీరు పెట్టుకున్న పేరు అంతకన్నా కాదు.

ఇక టికెట్‌లో పేరు కలిసిపోవడం సంగతి. విమాన బుకింగ్ వ్యవస్థల్లో చాలావాటి పునాదులు దశాబ్దాల కిందటివి. వాటిలో పేరు ఇలా నిల్వ ఉంటుంది: ముందు సర్‌నేమ్, ఒక వాలుగీత, తర్వాత సొంతపేరు, చివర మర్యాదవాచకం. చాలా వ్యవస్థలు మాటల మధ్య ఖాళీలు తీసేస్తాయి. అందుకే ‘వెంకటసత్యనారాయణమూర్తిఎంఆర్’ అన్న రూపం. ఆ చివరి రెండక్షరాలు పేరులో భాగం కాదు, ‘మిస్టర్’ అని. కౌంటర్‌లో వాళ్లు పొద్దున్నుంచి రాత్రిదాకా చూసేది ఈ రూపాన్నే. దీన్ని విడగొట్టమని ఫోను చేసిన వాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. అవతల ఒక అమాయకపు ఉద్యోగి సరేనని మొదలుపెట్టి, ఉన్నదాన్ని పాడుచేసిన సందర్భాలూ తెలుసు. మీరు ఆ పని చేయకండి.

బోర్డింగ్ పాస్‌పై పేరు తెగిపోవడం కూడా అలాంటిదే. బోర్డింగ్ పాస్ బార్‌కోడ్‌లో పేరుకు కేటాయించిన చోటు 20 అక్షరాలు మాత్రమే, వాలుగీతతో కలిపి. నాన్నగారి విషయంలో ‘కొండేపూడి’, గీత కలిసి పది పోతే, మిగిలిన పదిలో ‘వెంకటసత్’ దాకా వచ్చి ఆగిపోతుంది. ఈసారి కూడా అలాగే ఆగుతుంది. కాగితంపై అచ్చయ్యే పేరు కొన్ని సంస్థల్లో అంతకన్నా కొంచెం పొడవుగా, కొన్నింటిలో అంతే పొట్టిగా వస్తుంది. పూర్తి పేరు లోపల రికార్డులో ఉంటుంది. ఎవరైనా అడిగితే ఈ-టికెట్ ప్రింటు తీసి చూపిస్తే చాలు. నాన్నగారి డల్లాస్ టికెట్ విషయం ఇక్కడితో అయిపోయింది.

అమ్మగారి ఎక్స్ దగ్గరికి వద్దాం. ఇది అలా వదిలేసేది కాదు. లక్ష్మిని కేఎస్‌హెచ్‌తో రాసినా ఎక్స్‌తో రాసినా మనకు ఒకటే. శ్రీనివాస్‌కు ఒక ఐ ఉన్నా రెండు ఈలు ఉన్నా, చౌదరికి ఓ డబ్ల్యూ ఉన్నా ఏ యూ ఉన్నా, వెంకటేశ్వర్లులో ఎస్ పక్కన హెచ్ ఉన్నా లేకపోయినా మన నాలుకకు తేడా తెలియదు. రాజమండ్రి ద్వారం దగ్గర నిలబడ్డ జవానుకూ చాలావరకు అర్థమవుతుంది. కానీ అంతర్జాతీయ ప్రయాణంలో పోల్చేది మనిషి ఒక్కడే కాదు. టికెట్ పేరు, పాస్‌పోర్టు స్కాన్ చేసినప్పుడు వచ్చే పేరు, అమెరికా భద్రతా విభాగానికి ముందే పంపే పేరు, ఈ మూడింటినీ యంత్రాలు పోల్చుకుంటాయి. తేడా ఉంటే విమానం ఎక్కనివ్వరని కాదు. ఎక్కనివ్వాలా వద్దా అన్నది ఆ పూట ఆ కౌంటర్‌లో ఎవరున్నారన్న దానిపై ఆధారపడుతుంది. మొదటిసారి ప్రయాణం చేస్తున్న పెద్దవాళ్లను అర్ధరాత్రి దాటాక ఆ స్థితిలో నిలబెట్టడం ఎందుకు? మీకు మూడు వారాల సమయం ఉంది, హాయిగా దిద్దించవచ్చు.

ఎవరిని అడగాలి? అసలు చిక్కంతా ఇక్కడే. ట్రావెల్ సైటుకు ఫోను చేస్తే విమాన సంస్థను అడగమంటారు, విమాన సంస్థకు చేస్తే టికెట్ ఇచ్చినవాళ్లనే అడగమంటారు. రెండోవాళ్లు చెప్పేదే సాధారణంగా సరైనది. టికెట్‌ను ఎవరు జారీ చేశారో వాళ్ల ద్వారానే సవరణ జరగాలి. ఈ-టికెట్‌పై 13 అంకెల టికెట్ నంబరు ఉంటుంది. ఆరు అక్షరాల పీఎన్ఆర్, అంటే బుకింగ్ కోడ్ వేరు, ఇది వేరు. ఆ 13 అంకెల్లో మొదటి మూడు ఏ సంస్థ పేరున టికెట్ జారీ అయిందో చెబుతాయి. 098 అయితే ఎయిరిండియా, 157 ఖతార్ ఎయిర్‌వేస్, 176 ఎమిరేట్స్. విమానం ఒకరిది, టికెట్ ఇంకొకరిది అయిన కోడ్‌షేర్ ప్రయాణాల్లో ఈ మూడంకెలు చూడకుండా తప్పు సంస్థతో గంటలకొద్దీ మాట్లాడేవాళ్లు ఎందరో. సవరణకు అనుమతి ఇవ్వాల్సింది ఆ మూడంకెల సంస్థ, దాన్ని అడగాల్సింది మీరు కొన్న సైటు.

మీరు ఫోను చేయడం కన్నా ముందు సైటులో రాతపూర్వకంగా అడగండి. టికెట్ నంబరు, ఇప్పుడున్న స్పెల్లింగ్, ఉండాల్సిన స్పెల్లింగ్, పాస్‌పోర్టు ఫొటో పేజీ స్కాన్ జతచేయండి. ‘పేరు మార్చాలి’ అని రాయకండి, ‘అదే ప్రయాణికురాలి పేరులో అక్షర దోషం సవరించాలి’ అని రాయండి. పేరు మార్పు అంటే ఒకరి టికెట్ ఇంకొకరికి ఇవ్వడం అని వాళ్లు అర్థం చేసుకుంటారు, దానికి దాదాపు ఏ సంస్థా ఒప్పుకోదు. ఒప్పుకుంటే దళారులు పండుగ టికెట్లన్నీ ఆరు నెలల ముందే చౌకగా కొని, సంక్రాంతి ముందు మూడింతలకు అమ్ముకుంటారు. ఐరోపాలో ర్యానెయిర్ లాంటి చౌక సంస్థలు రుసుము తీసుకుని పేరు మారుస్తాయి గానీ, మన దారిలో ఆ వెసులుబాటును ఆశించకండి. మీది మాత్రం మూడక్షరాల తేడా. చాలా సంస్థలు ఆ మాత్రం తేడాను స్పెల్లింగ్ దోషంగానే చూస్తాయి. విమాన సంస్థ ఏమీ తీసుకోకపోయినా సైటువాళ్లు తమ సేవా రుసుము అడగవచ్చు. అది చిన్న మొత్తమైతే వాదించి కాలం వృథా చేయకుండా కట్టేయండి. కొత్తగా టికెట్ కొనమనే ధర చెబితే మాత్రం ఒప్పుకోకుండా పై అధికారికి పంపమనండి.

వచ్చేసారికి పనికొచ్చే మాట ఒకటి. మన దేశంలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం విమాన సంస్థ సొంత వెబ్‌సైటులో కొన్న టికెట్‌లో తప్పును 24 గంటల్లోపు చెబితే, అదే మనిషి పేరు సవరణకు అదనపు రుసుము తీసుకోకూడదు. అమెరికాకు వెళ్లే, అక్కడి నుంచి వచ్చే విమానాలకు అక్కడి రవాణా శాఖ నిబంధన కూడా ఒకటుంది. ప్రయాణానికి వారం లేదా అంతకన్నా ముందే విమాన సంస్థ దగ్గర నేరుగా కొంటే, 24 గంటల్లోపు రద్దు చేసుకుని డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా ధర కట్టకుండా అంతసేపు టికెట్‌ను పట్టి ఉంచుకోవచ్చు. సంస్థ ఈ రెండింటిలో ఏదో ఒక సౌకర్యం ఇవ్వాలి. మీరు మధ్యవర్తి సైటులో కొన్నారు, కొని పది రోజులైంది కాబట్టి ఇవి మీకు ఇప్పుడు అక్కరకు రావు. టికెట్ ఈమెయిల్ రాగానే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని చదివే అలవాటు ఎందుకుండాలో ఈ 24 గంటలే చెబుతాయి.

సవరణ జరిగాక ఒక పని మరిచిపోకండి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఇద్దరి పేర్లూ ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే, ఒకరి పేరు దిద్దడానికి ఆ ఒక్కరినీ విడదీసి కొత్త పీఎన్ఆర్ ఇవ్వడం కద్దు. టికెట్ నంబరు కూడా మారవచ్చు. అప్పుడు మీరు ముందే ఎంచుకున్న పక్కపక్క సీట్లు పోవచ్చు, శాకాహార భోజనం పోవచ్చు, అన్నిటికన్నా ముఖ్యంగా వీల్‌చెయిర్ కోరిక పోవచ్చు. మన అమ్మానాన్నల్లో చాలామంది వీల్‌చెయిర్ అడిగేది మోకాళ్ల నొప్పుల కోసం మాత్రమే కాదు, దోహాలో విమానం మారేటప్పుడు ఇంగ్లిష్ మాట్లాడే అవసరం లేకుండా ఎవరో ఒకరు గేటు దాకా తీసుకెళ్తారని. అమ్మగారికి వీల్‌చెయిర్ ఉండి నాన్నగారికి లేకపోతే, ఆయన ఆమె వెనక పరుగులు పెట్టాల్సి వస్తుంది. సవరణ తర్వాత విమాన సంస్థ యాప్‌లో రెండు పీఎన్ఆర్‌లూ తెరిచి సీట్లు, భోజనం, వీల్‌చెయిర్ మూడూ చూసుకోండి. రెండు పీఎన్ఆర్‌లను ఒకదానితో ఒకటి జతచేయమని కూడా అడగండి.

ఇవన్నీ వెబ్ చెక్-ఇన్‌కు ముందే అవ్వాలి. చెక్-ఇన్ చేశాక పేరు దిద్దాలంటే ముందు ఆ చెక్-ఇన్ రద్దు చేయాలి. ఇక మొదటి విమానం ఎక్కేశాక తిరుగు ప్రయాణంలో పేరు దిద్దడమంటే, సగం వాడిన టికెట్‌కు మరమ్మతు. దానికి ఎవరూ ఉత్సాహం చూపరు.

ఇప్పుడు ఖాళీ సర్‌నేమ్ సంగతి. ఇది మన రాష్ట్రాల్లో చాలా సామాన్యం. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది, బడిలో అది పొడి అక్షరంగా మిగిలిపోతుంది, పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలు పనికిరావంటారు. ఎవరో ఒకరు మొత్తం పేరును గివెన్ నేమ్ గడిలో నింపేసి చేతులు దులుపుకుంటారు. మన దేశంలో ఉన్నంతకాలం ఇబ్బంది తెలియదు. అమెరికా వీసా దగ్గరికి వచ్చేసరికి వాళ్లకు సర్‌నేమ్ తప్పనిసరి. అందుకని ఉన్న పేరంతా సర్‌నేమ్‌లో వేసి, సొంతపేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని పెడతారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటిపేరు తెలియదు అని. ఇలా వచ్చిన మన విద్యార్థులు కొందరికి డ్రైవింగ్ లైసెన్సు మీదా అదే పడి, ఆఫీసులో ‘హలో ఎఫ్ఎన్‌యూ’ అని ఈమెయిళ్లు వస్తుంటాయి. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, దాన్ని వదిలించుకోవడం పెద్ద పని.

టికెట్ విషయంలో ఇలాంటి పాస్‌పోర్టుకు అన్ని సంస్థలూ ఒకే పద్ధతి పాటించవు. కొన్ని మొత్తం పేరును లాస్ట్ నేమ్‌లో వేసి ఫస్ట్ నేమ్‌లో ఎఫ్ఎన్‌యూ పెట్టమంటాయి. కొన్ని ఉన్న పేరునే రెండు గళ్లలోనూ రాయమంటాయి. మీరు చేసినట్టు విడగొట్టి రాయడాన్ని ఒప్పుకునేవీ ఉన్నాయి. పాస్‌పోర్టులో రెండు మాటలు ఉన్నాయి, టికెట్‌లో ఆ రెండే ఉన్నాయి, మధ్య గీత ఎక్కడుందన్నదే తేడా కాబట్టి ఇది మనిషి మారే తప్పు కాదు. అయినా మౌనంగా ఊరుకోవద్దు. స్పెల్లింగ్ సవరణ అడిగే ఉత్తరంలోనే, పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉందని, వీసాలో ఎఫ్ఎన్‌యూ ఉందని చెప్పి, టికెట్‌పై పేరు ఏ రూపంలో ఉండాలో వాళ్లనే నిర్ణయించమనండి, బుకింగ్ రికార్డులో ఆ సంగతి రాయమనండి. సవరణ ఎలాగూ జరుగుతోంది కాబట్టి రెండూ ఒకేసారి తేలిపోతాయి. వాళ్లు ఇచ్చిన జవాబు ప్రింటు తీసి అమ్మగారి పాస్‌పోర్టుతో పాటు పెట్టండి.

టికెట్ పేరు ఒకటైతే, అమెరికా ప్రయాణంలో దాని వెనక ఇంకొక పేరు ఉంటుంది. విమాన సంస్థలు ప్రయాణికుల పూర్తి పేరు, పుట్టిన తేదీ, స్త్రీయా పురుషుడా అన్న వివరాలను ప్రయాణానికి 72 గంటల ముందు నుంచి అమెరికా రవాణా భద్రతా విభాగానికి పంపుతాయి. పాస్‌పోర్టు వివరాలూ వెళ్తాయి. యాప్‌లో ‘ప్రయాణ పత్రాల వివరాలు’ అన్న చోట మీరు నింపేవి ఇవే. టికెట్ పేరును మీరు స్వయంగా ముట్టుకోలేరు గానీ, వీటిని మీరే సరిచేయవచ్చు. అక్కడ నాన్నగారి పేరు మాటల మధ్య ఖాళీలతో, పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. బ్రౌజర్ దానంతట అది నింపే గళ్లను నమ్మకండి. తండ్రి టికెట్‌లో కొడుకు పుట్టిన తేదీ వచ్చి కూర్చునేది ఆ సౌకర్యం పుణ్యానే. మర్యాదవాచకం కూడా ఒకసారి చూడండి. అమ్మగారికి ఎంఆర్ పడి ఉంటే అది కూడా దిద్దించాల్సిందే.

మీ తల్లిదండ్రులది దోహా దారి కాబట్టి ఇది మీకు కాదు గానీ, గల్ఫ్‌కు వెళ్లేవారు ఇదే చదువుతుంటారు కనుక చెబుతున్నాను. పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే మాటగా ఉన్నవారిని, ఉదాహరణకు సత్తెమ్మ అని మాత్రమే ఉండి సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవారిని, సందర్శక వీసా లాంటివాటిపై రానివ్వబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబర్‌లో ప్రకటించింది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరు లేదా కుటుంబ నామం ఉంటే ఒప్పుకుంటామని కొద్ది రోజులకే సడలింపు ఇచ్చింది. అప్పటికే అక్కడ నివాస అనుమతి ఉన్నవాళ్లకు ఇది వర్తించదని కూడా చెప్పింది. కోనసీమ నుంచి, కడప నుంచి, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి పనికి వెళ్లేవారిలో ఒంటి పేరు పాస్‌పోర్టులు తక్కువేమీ కాదు. వీసా డబ్బు కట్టకముందే పాస్‌పోర్టు చూసుకోవాలి. ఏజెంటు ‘ఏం పర్లేదు’ అన్నంత మాత్రాన నమ్మవద్దు.

ఇలాంటి ప్రశ్నలే నాకు ఎక్కువగా వచ్చేది కొత్తగా పెళ్లైన వాళ్ల నుంచి. భర్త ఉత్సాహంగా తన ఇంటిపేరు పెట్టి భార్యకు టికెట్ కొంటాడు, ఆమె పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉంటుంది. ఇది మూడక్షరాల స్పెల్లింగ్ తప్పు కాదు, ఇంటిపేరే వేరు. పెళ్లి సర్టిఫికెట్ చూపిస్తే కొన్ని సంస్థలు దిద్దుతాయి, కొన్ని రద్దు చేసుకుని మళ్లీ కొనమంటాయి. పాస్‌పోర్టులో పేరు మార్చుకునే తొందర ఏమీ లేదు, పుట్టింటి పేరుతోనే జీవితాంతం ప్రయాణం చేయవచ్చు. టికెట్ మాత్రం ఆ పేరుతోనే తీయాలి. అలాగే రావు, రెడ్డి, శాస్త్రి లాంటి చివరి మాటను కొందరు ఏజెంట్లు లాస్ట్ నేమ్‌లో వేసి, అసలు ఇంటిపేరును మొదటిపేరు గడిలోకి తోసేస్తారు. మాటలన్నీ ఉన్నాయి కాబట్టి దేశంలో ఇది నడిచిపోతుంది. విదేశానికైతే గళ్లు మార్పించుకోవడం మంచిది.

చివరిగా రాజమండ్రి టికెట్. ‘సత్యనారాయణ మూర్తి కె’ అన్నదాన్ని పాస్‌పోర్టు పక్కన పెడితే వెంకట తక్కువ. ఆధార్ పక్కన పెడితే తక్కువేమీ లేదు, ‘కె’ కాస్తా కొండేపూడి అయింది, అంతే. కాబట్టి ఆ ద్వారం దగ్గర నాన్నగారు చూపించాల్సింది ఆధార్. హైదరాబాద్‌లో చూపించాల్సింది పాస్‌పోర్టు. ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండటం ద్వారం దగ్గర రోజుకు వందలసార్లు చూసే విషయమే, దానికి డబ్బు పెట్టి సవరణ అక్కర్లేదు. ఆధార్ అసలు కార్డు గానీ, ఫోనులో ఎం-ఆధార్ యాప్ గానీ ఉండాలి. గ్యాలరీలో దాచుకున్న ఫొటోను ఒప్పుకోరు. డిజీయాత్ర సౌకర్యం ఉన్నా, ఆ యాప్‌తో ముఖం చూపించి లోపలికి వెళ్లాలని మాత్రం ఈసారి ప్రయత్నించవద్దు. అది టికెట్ పేరును ఆధార్ పేరుతో తానే పోల్చుకుంటుంది, పొడి అక్షరం దగ్గర మొరాయించే అవకాశం ఉంది. మామూలు వరసలో నిలబడితే ఆ గొడవ ఉండదు. అమ్మగారి డొమెస్టిక్ టికెట్‌లో పేరు ఎలా ఉందో మీరు రాయలేదు. అదీ ఇలాగే ఆధార్ పక్కన పెట్టి చూడండి.

రెండూ వేర్వేరు టికెట్లు కాబట్టి సామాను రాజమండ్రి నుంచి నేరుగా డల్లాస్‌కు వెళ్తుందని అనుకోకండి. హైదరాబాద్‌లో బెల్టు దగ్గర పెట్టెలు తీసుకుని, బయటికి వచ్చి, అంతర్జాతీయ కౌంటర్‌లో మళ్లీ వేయాలి. దానికి తగ్గ వ్యవధి ఉంచారో లేదో చూసుకోండి. రాజమండ్రి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ సంస్థకు ఆ బాధ్యత ఉండదు.

వచ్చాక డల్లాస్ నుంచి మరో ఊరికి విమానంలో తీసుకెళ్తే అక్కడా పాస్‌పోర్టే చూపించండి. 2025 మే 7 నుంచి అమెరికాలో లోపలి విమానాలకు కూడా గుర్తింపు నియమాలు బిగించారు గానీ, విదేశీ పాస్‌పోర్టు చెల్లుతుంది. అమ్మగారి పేరు ఇప్పుడు ఏ రూపంలో తేలుతుందో ఆ టికెట్లకూ అదే వాడండి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ విడగొట్టించే పని మాత్రం ఈ ప్రయాణానికి ముందు పెట్టుకోకండి. ఉన్న పుస్తకంలో దిద్దరు, రీ-ఇష్యూ కింద కొత్త పుస్తకమే తీసుకోవాలి. 36 పేజీల పుస్తకానికి రుసుము 1,500 రూపాయలు. దానికన్నా పెద్ద చిక్కు, వీసా పాత పేరు రూపంలోనే మిగిలిపోవడం. ఈ వీసా గడువు తీరవచ్చినప్పుడు ముందు పాస్‌పోర్టు మార్పించి, ఆ కొత్త పేరుతో వీసాకు వెళ్లండి.